రాత్రి షిఫ్టు వద్దని డాక్టరు రాసిచ్చారు, హెచ్‌ఆర్ కుదరదంటోంది: ఏం చేయాలి?

కుంకుడుచెట్టు
హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగానికి టీమ్ లీడ్‌గా ఉన్నాను. నా కింద తొమ్మిది మంది పని చేస్తారు. ఖాతాదారులు అమెరికా వారు కాబట్టి వారానికి ముగ్గురు చొప్పున వంతుల వారీగా సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా ఉండాలి. ఆ తొమ్మిది మందిలో ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె రెండు వారాల క్రితం నన్ను క్యాంటీన్ వెనక మెట్ల దగ్గరికి పిలిచి, తనకు బైపోలార్ (మనసు అతి హుషారుకూ తీవ్రమైన దిగులుకూ మధ్య ఊగే జబ్బు) ఉందని, నాలుగేళ్లుగా మందులు వాడుతున్నానని, రాత్రి షిఫ్టు వారం వచ్చిన ప్రతిసారీ నిద్ర చెదిరి జబ్బు తిరగబెట్టే సూచనలు కనిపిస్తున్నాయని చెప్పింది. చెబుతున్నంతసేపూ మెడలోని ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. మూడేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి. లెక్కలో చిల్లర తేడా వచ్చినా అది దొరికేదాకా కుర్చీ లోంచి లేవదు. నాకు ఇన్నాళ్లూ తెలియలేదు.

డాక్టరు రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉంది, జబ్బు పేరు కూడా అందులో ఉంది. పేరు చెప్పకుండా హెచ్‌ఆర్‌లో విచారించాను. ఒకరికి ఇస్తే రేపు అందరూ కాగితాలు పట్టుకొస్తారనీ, కావాలంటే రాజీనామా చేసి ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోమనీ సమాధానం వచ్చింది. ఆ మాట ఆ అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులుగా ఆమె బల్ల వైపు వెళ్లడం మానేశాను. చట్టం తెలిసినవారూ, ఇలాంటి పరిస్థితిని దాటినవారూ సలహా చెప్పండి.

నిమ్మతోట
ముందుగా ఆ కాగితం హెచ్‌ఆర్ చేతికి ఇవ్వకండి. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాననీ, మొదటి పీరియడ్ మాత్రం మార్చమనీ ప్రధానోపాధ్యాయురాలిని అడిగాను. మరుసటి వారానికల్లా పదో తరగతి నా చేతి నుంచి తీసేసి గ్రంథాలయంలో కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి పిల్లల తల్లిదండ్రులకు కూడా తెలిసిపోయింది. ఆ ఏడాది పరీక్షల ముందు నేనే మానేశాను. చెప్పకుండా ఉండి ఉంటే మరో పదేళ్లు అక్కడే పాఠం చెప్పేదాన్ని.

రెండోషిఫ్టు
నేను అవతలి పక్క నుంచి మాట్లాడతాను, కోపగించుకోకండి. మా బృందంలో ఒకాయనను ఇలాగే రాత్రుల నుంచి తప్పించారు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఆయన రాత్రులు నా మీద, ఇంకొకరి మీద పడ్డాయి. అప్పుడు నా భార్యకు ఏడో నెల. పద్నాలుగు నెలలు ఆయన వంతు నేను మోశాను, నైట్ అలవెన్సు ఒక్క రూపాయి పెరగలేదు. ఆయన మీద నాకు ద్వేషం లేదు. అయితే ఒకరి జబ్బుకు పక్కవాడి నిద్ర జమ కట్టడం న్యాయమేనా అన్నది నేను ఈనాటికీ అడిగే ప్రశ్న.

ఇసుకతిన్నె
పదకొండేళ్లుగా బైపోలార్‌కు లిథియం వాడుతున్నాను, ఉద్యోగమూ చేస్తున్నాను, కనుక కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఈ జబ్బులో నిద్రకు ఉన్న స్థానం బయటివారికి అర్థం కాదు. మామూలు మనిషికి రెండు రాత్రులు నిద్ర లేకపోతే అలసట వస్తుంది. మాకు అలసట రాదు, అదే ప్రమాదం. మూడో రోజున ఒంట్లో ఎక్కడలేని హుషారు పుడుతుంది, మాట వేగం పెరుగుతుంది, అర్ధరాత్రి రెండింటికి పది మందికి మెయిళ్లు వెళతాయి. అప్పుడు దాన్ని జబ్బని ఎవరూ అనుకోరు, పనిమంతుడని మెచ్చుకుంటారు. తరవాత కింద పడ్డప్పుడు మాత్రం ఎవరూ ఉండరు. వారం రాత్రులు, వారం పగళ్లు అన్న పద్ధతి అందరికీ కష్టమే, మాకు మాత్రం అది మంట పక్కన ఎండుగడ్డి పెట్టడం.

నాకు జరిగిన సర్దుబాట్లు ఇవీ: షిఫ్టు మారదు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష ఉంటుంది, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇవ్వాలి కనుక ఆ ఉదయం పదకొండింటికి వస్తాను. బల్ల మీద రెండు లీటర్ల నీళ్ల సీసా ఉంటుంది, ఎందుకంటే వేసవిలో ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు మించి విషంగా మారుతుంది. పాత సూపర్‌వైజరు నేను మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నానో లెక్కపెట్టేవాడు. ఇప్పటి ఆవిడ ఎప్పుడూ అడగలేదు. వీటి కోసం సంస్థ పెట్టిన ఖర్చు ఏమీ లేదు.

ఇంకొకటి ఏ పాలసీలోనూ ఉండదు. మందు వల్ల నా చెయ్యి సన్నగా వణుకుతుంది. మా ఆఫీసులో టీ తెచ్చే పెద్దాయన ఒక రోజు నా కప్పు సాసర్‌లోకి తొణకడం చూశాడు. మర్నాటి నుంచి నాకు సగం కప్పే పోస్తాడు, పావుగంట ఆగి మళ్లీ వచ్చి ఇంకో సగం పోస్తాడు. ఏడేళ్లయింది. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

పొద్దుటూరుపిల్ల
ఇసుకతిన్నె గారూ, టీ సంగతి రెండుసార్లు చదివాను.

వకాలతు
కార్మిక చట్టాల మీద పని చేస్తున్నాను. చట్టం ఎంతవరకు అండగా ఉందో, ఎక్కడ లేదో ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే లేని బలాన్ని నమ్ముకుని ముందుకు వెళ్లి దెబ్బతిన్నవారిని చూశాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అది గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక రుగ్మత ఒకటి. తగిన సర్దుబాటు చేయడానికి నిరాకరించడం కూడా వివక్షే అని ఆ చట్టంలోని నిర్వచనం చెబుతోంది. ఉద్యోగంలో చేరాక వైకల్యం వస్తే తొలగించకూడదనీ, హోదా తగ్గించకూడదనీ, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టులోకి మార్చాలనీ 20వ సెక్షన్ స్పష్టంగా ఆదేశిస్తోంది. అయితే ఆ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకు వర్తిస్తుంది. ప్రైవేటు సంస్థ విషయంలో పట్టు అంత గట్టిగా లేదు, కానీ అసలు లేకపోలేదు. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఇరవై మందికి తగ్గకుండా ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ, దివ్యాంగుల వ్యవహారాలు చూడటానికి ఒక లయజన్ అధికారిని కూడా నియమించాలి. కుంకుడుచెట్టు గారూ, మీ సంస్థలో ఆ విధానం కాగితం మీద ఉందా, ఆ అధికారి ఎవరు అని మెయిల్‌లో అడగండి, నోటితో అడగకండి. సమాధానం రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే దారి ఉంది.

నలభై శాతం ధ్రువపత్రం లేదు కదా అని హెచ్‌ఆర్ అనవచ్చు. నలభై శాతం అన్నది రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు పెట్టిన గీత. సర్దుబాటు కోరడానికి ఆ గీత అడ్డు కాదు.

సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చదవదగినది. రవీందర్ కుమార్ ధరీవాల్ సీఆర్‌పీఎఫ్‌లో అసిస్టెంట్ కమాండెంట్. 2009 నుంచి ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వెంటాడే జబ్బు), డిప్రెషన్‌కు చికిత్స పొందుతూ వచ్చారు. ఆయన ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టారు. 2021 డిసెంబరు 17న జస్టిస్ చంద్రచూడ్ ఉన్న ధర్మాసనం ఆ చర్యలను కొట్టేసింది. ఆ ప్రవర్తనకు మానసిక వైకల్యం ఒక్కటే కారణమని నిరూపించనక్కర్లేదు, కారణాల్లో అది ఒకటైనా చర్య వివక్షే అవుతుందని చెప్పింది. ఆయుధాలు పట్టే పని ఇవ్వకుండా వేరే పోస్టు ఇవ్వవచ్చు, జీతభత్యాలు మాత్రం తగ్గకూడదని కూడా చెప్పింది. తుపాకులతో పని చేసే బలగంలోనే సర్దుబాటు సాధ్యమని కోర్టు అన్నప్పుడు, పద్దులు రాసే గదిలో సాధ్యం కాదనడానికి గట్టి కారణం చూపించాలి.

రెండోషిఫ్టు
కేంద్ర బలగంలో వేల పోస్టులు ఉంటాయి, తొమ్మిది మంది ఉన్న బృందంలో ఎక్కడికి మారుస్తారు? నా ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

చిన్నవాల్తేరు
విశాఖలో మానసిక ఆరోగ్య రంగంలో సామాజిక కార్యకర్తగా పని చేస్తున్నాను. నిమ్మతోట గారికి జరిగింది నేను చాలామంది నోట విన్నాను, అందుకే చెప్పవద్దనే మాటను తేలిగ్గా తీసుకోను. కానీ చెప్పడం, చెప్పకపోవడం అన్న రెండే దారులు లేవు. జబ్బు పేరు చెప్పకుండా అవసరం చెప్పవచ్చు.

ఆ అమ్మాయిని మళ్లీ డాక్టరు దగ్గరికి పంపి కొత్త ఉత్తరం రాయించండి. వైద్యపరమైన కారణాల వల్ల ఈమె నిద్రవేళలు స్థిరంగా ఉండటం అవసరం, రాత్రి పది నుంచి ఉదయం ఆరు లోపు పని వేళలు లేకుండా చూడండి, పగటి వేళల్లో పూర్తి బాధ్యతలు నిర్వహించగలరు, ఆరు నెలల తరవాత సమీక్షిస్తాం అని ఉంటే చాలు. కాగితం మీద మానసిక వైద్యుడి ముద్ర చూసి ఊహించుకుంటారనుకుంటే, అది ఆమె బేరీజు వేసుకుని నిర్ణయించుకోవలసిన విషయం. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టంలో గోప్యత హక్కు ఉంది, అయితే అది ప్రధానంగా వైద్యులను కట్టడి చేస్తుంది. హెచ్‌ఆర్ నోటికి ఆ చట్టం తాళం వేయలేదు. కనుక వాళ్లకు అవసరం లేనిది వాళ్ల చేతికి వెళ్లకుండా చూడటమే మేలు.

ఇంకో మాట. మూడు రోజులుగా ఆమె బల్ల వైపు వెళ్లలేదని రాశారు. ఆ అమ్మాయి ఆ మూడు రోజులనూ లెక్కపెట్టి ఉంటుంది. ఈ పూటే వెళ్లి, ఇంకా ఏమీ తేలలేదు కానీ వదల్లేదు అని చెప్పండి.

హెచ్‌ఆర్‌లోనేఉన్నా
వేరే సంస్థలో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అందరూ కాగితాలు తెస్తారన్న భయం మాలో నిజంగానే ఉంటుంది. దొంగ వైద్య ధ్రువపత్రాలు చూసి చూసి నిజమైనదాన్ని కూడా అనుమానించే అలవాటు పడిపోతుంది. కానీ నా ఇరవై ఏళ్లలో మానసిక వైద్యుడి దగ్గర దొంగ కాగితం తెచ్చినవారిని నేను చూడలేదు. వెన్నునొప్పికి తెస్తారు, టైఫాయిడ్‌కు తెస్తారు. పిచ్చి అని పేరు పడుతుందేమోనన్న భయంతో నిజంగా జబ్బున్నవారే దాచుకుంటారు గానీ లేనివారు తగిలించుకోరు.

శాశ్వతంగా ఇవ్వమంటే మీ హెచ్‌ఆర్ జంకుతుంది. మూడు నెలలు చూద్దాం, ఆ తరవాత కూర్చుని సమీక్షిద్దాం అనండి. దాంతో పాటు కొత్త రోస్టర్ (షిఫ్టుల పట్టిక) మీరే తయారు చేసుకుని వెళ్లండి. సమస్యతో వచ్చిన మేనేజరును వెనక్కి పంపడం సులువు, లెక్కతో వచ్చినవారిని పంపడం కష్టం.

గుంటూరుప్రెస్సు
మాది చిన్న ముద్రణాలయం, ఏడుగురు పనివాళ్లు. మాకు హెచ్‌ఆర్ లేదు, పాలసీ లేదు. ఆరేళ్లుగా మా దగ్గర స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనివి నమ్మడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్న ఒకతను బైండింగులో పని చేస్తున్నాడు. రాత్రి వేసుకునే మందు మత్తు పొద్దున పది దాకా దిగదు, అందుకని పదకొండింటికి వస్తాడు, రాత్రి ఎనిమిదింటికి వెళతాడు. ఫారాలు మడిచేటప్పుడు వెదురు బద్దతో మడత మీద ఒక్క గీత గీస్తే చాలు, కాగితం మళ్లీ తల ఎత్తదు, అంత చెయ్యి తిరిగినవాడు. అప్పుడప్పుడు తనలో తను మాట్లాడుకుంటాడు. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు నవ్వితే, మా మెషిన్‌మన్ ఆ కుర్రాణ్ణి బయటికి తీసుకెళ్లి ఏదో చెప్పాడు, మళ్లీ ఎవరూ నవ్వలేదు. ముహూర్తాల రోజుల్లో శుభలేఖల ఒత్తిడి ఎక్కువైతే అతని గొణుగుడు పెరుగుతుంది, అప్పుడు లెక్కపెట్టే పని తగ్గించి మడిచే పని ఇస్తాం. కటింగ్ మెషిన్ దగ్గరికి మాత్రం రానివ్వను. అది మా జాగ్రత్త.

చిన్నవాల్తేరు
మీరు చేస్తున్నది పెద్ద సంస్థలు కూడా చేయనిది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. కటింగ్ మెషిన్ గురించి అతన్ని ఎప్పుడైనా అడిగారా? ప్రమాదం మందు మత్తు వల్లా, జబ్బు పేరు వల్లా? మత్తు వల్ల అయితే అది పొద్దుటి పూట ప్రమాదం, రోజంతా ఉండేది కాదు.

గుంటూరుప్రెస్సు
అడగలేదు. మీరు అన్నాక ఆలోచిస్తే, అడగాలని కూడా నాకు తోచలేదు.

తూము
సంగారెడ్డి దగ్గర ఫ్యాక్టరీలో యూనియన్ పని చూస్తాను. నెల జీతం 21,000 లోపు ఉన్నవారి గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి చెబుతున్నాను. వాళ్లకు వర్తించే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా)లో మామూలు అనారోగ్య భృతి ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం. అది అయిపోయాక దీర్ఘకాల వ్యాధులకు పొడిగింపు భృతి ఉంది, 34 వ్యాధుల జాబితా. స్కిజోఫ్రీనియా, ఇప్పుడు మనం బైపోలార్ అంటున్న మేనిక్ డిప్రెసివ్ సైకోసిస్, ఒక రకం తీవ్రమైన డిప్రెషన్ ఆ జాబితాలో ఉన్నాయి. రెండేళ్ల సర్వీసు ఉండి చందా రోజులు సరిపోతే 80 శాతం జీతం వస్తుంది. ఇంకా ముఖ్యమైనది, అనారోగ్య భృతి మీద ఉన్న మనిషిని యజమాని ఆ కాలంలో తొలగించకూడదని 1948 నాటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ చెప్పేది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. మా షెడ్డులో ఒకామెను రాకపోతే మానేసినట్టే అని గేటు దగ్గర ఆపారు. అప్పట్లో ఈ సెక్షన్ రాసి నోటీసు ఇచ్చాక లోపలికి రానిచ్చారు. నరాల బలహీనత అని ఏదో రాయించి సెలవు పెట్టే అలవాటు మనవాళ్లలో ఉంది. అలా రాయిస్తే ఆ జాబితాలోకి రారు. పరువు కోసం పేరు మార్చుకుని భృతి పోగొట్టుకుంటున్నారు.

నిమ్మతోట
పరువు కోసం అని అంత సులువుగా అనకండి. చెల్లెలి పెళ్లి కుదరాల్సిన ఇంట్లో ఆ పేరు బయటికి వస్తే ఏమవుతుందో మీకూ తెలుసు.

తూము
నిజమే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లకు ఈఎస్ఐ కాగితం చూపించనక్కర్లేదని మాత్రం మావాళ్లకు చెబుతుంటాను.

ఎడిసన్‌లోతెలుగు
న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ 1990 నుంచి దివ్యాంగుల హక్కులకు చట్టం ఉంది, పదిహేను మంది ఉద్యోగులున్న సంస్థకు కూడా వర్తిస్తుంది. ఉద్యోగి సర్దుబాటు అడిగితే యజమాని కూర్చుని మాట్లాడాలి, సంస్థకు మోయలేని భారమైతే తప్ప కాదనకూడదు, వైద్య కాగితాలను మామూలు ఫైలులో కలపకుండా వేరుగా దాచాలి. మీ ఖాతాదారుల ఆఫీసుల్లో ఇది రోజువారీ వ్యవహారం, వాళ్ల పద్దులు రాసే హైదరాబాదు గదిలో మాత్రం రాజీనామా చేయమంటున్నారు. అయితే ఇక్కడి తెలుగువారం ఆ హక్కును వాడుకుంటున్నామా అంటే, నాకు తెలిసినవారిలో వాడుకున్నది ఒక్కరే. వీసా భయం, ఊళ్లో తెలుస్తుందన్న భయం, రెండూ వెంట వచ్చాయి.

కుంకుడుచెట్టు
అందరి మాటలూ చదివాను. చిన్నవాల్తేరు గారు చెప్పిన సాయంత్రమే ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. నేను నోరు విప్పకముందే "మీరు ఇబ్బంది పడకండి మేడమ్, నేను కాగితం పెట్టేస్తాను" అంది. రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్టులో పెట్టుకుని ఉంది. నా మూడు రోజుల మౌనాన్ని ఆమె జవాబుగా తీసుకుంది. ఆ మెయిల్ నా ముందే తీసేయించాను.

ఇక రెండోషిఫ్టు గారి ప్రశ్నకు కాగితం మీద లెక్క వేసి చూశాను. వారానికి ముగ్గురు కావాలి, అంటే ఇరవై నాలుగు వారాలకు డెబ్బై రెండు వంతులు. తొమ్మిది మంది పంచుకుంటే తలా ఎనిమిది వారాలు, ఎనిమిది మంది పంచుకుంటే తలా తొమ్మిది. ఐదున్నర నెలల్లో ఒక్కొక్కరికి ఒక్క వారం అదనం. మీకు పద్నాలుగు నెలలు ఎందుకు పట్టిందంటే, ఆ భారాన్ని అందరికీ పంచకుండా ఇద్దరి మీద వేశారు. ఆ తప్పు మీ మేనేజరుది, ఆ ఉద్యోగిది కాదు, మీదీ కాదు. నేను ఆ అదనపు వారానికి నైట్ అలవెన్సు ఒకటిన్నర రెట్లు అడుగుతున్నాను. ఆ అమ్మాయి తనంతట తానే, నెల మొదటి మూడు రోజులు అందరూ తప్పించుకునే బ్యాంకు రీకన్సిలియేషన్ (బ్యాంకు లెక్కతో పద్దులు సరిచూసే పని) మొత్తం పగటిపూట తాను చేస్తానంది. అది ఆమె బదులు తీర్చుకోవడంగా ఉండకూడదని ముందు వద్దన్నాను. ఆ పని తనకు ఇష్టమని, నిజానికి మిగతావాళ్లు చేసింది మళ్లీ తనే సరిచూస్తున్నానని చెప్పింది, ఒప్పుకున్నాను.

రెండోషిఫ్టు
ఒక్క వారమేనా? ఈ లెక్క నాకు అప్పుడు ఎవరైనా చూపించి ఉంటే, కారణం చెప్పకపోయినా ఒప్పుకునేవాణ్ణి. అలవెన్సు అడుగుతున్నందుకు ధన్యవాదాలు. ఆ పాత సహోద్యోగితో నేను చివరి ఆరు నెలలు సరిగా మాట్లాడలేదు. నంబరు ఉంది, ఫోను చేస్తాను.

వకాలతు
హెచ్‌ఆర్‌తో మాట్లాడిన ప్రతిసారీ, మాట్లాడిన సారాంశాన్ని అదే రోజు మెయిల్‌లో పంపండి. రాజీనామా చేయమన్న సలహాను కూడా తారీఖుతో రాసి పెట్టండి. పాత ఉత్తరం ఆ అమ్మాయికి తిరిగి ఇచ్చేయండి, మీ సొరుగులో కూడా ఉంచుకోకండి.

గుంటూరుప్రెస్సు
నిన్న భోజనాలయ్యాక మావాణ్ణి అడిగాను. మూడు దాటాక ఒళ్లు తేలిగ్గా ఉంటుందనీ, పాత ప్రెస్సులో నాలుగేళ్లు కటింగే చేశాననీ చెప్పాడు. "అడగడానికి ఆరేళ్లు పట్టిందా అన్నా?" అని నవ్వాడు. వాళ్ల డాక్టరును కూడా కనుక్కుంటానని వాడే అన్నాడు. ఆయన సరేనంటే మూడు తరవాత మా మెషిన్‌మన్ పక్కనుండగా మొదలుపెడతాం.

కుంకుడుచెట్టు
పది రోజుల తరవాత రాస్తున్నాను. కొత్త ఉత్తరం ఇచ్చాం, జబ్బు పేరు లేదు. సమాన అవకాశాల విధానం ఉందా అని అడిగిన మెయిల్‌కు రెండు రోజులు జవాబు రాలేదు, మూడో రోజు హెచ్‌ఆర్ పెద్దావిడే స్వయంగా నా దగ్గరికి వచ్చారు. మూడు నెలలు స్థిరమైన పగటి షిఫ్టుకు ఒప్పుకున్నారు, అలవెన్సు ఒకటింబావు రెట్ల దగ్గర ఆగింది. నెలనెలా ఫిట్‌నెస్ ధ్రువపత్రం కావాలన్నారు, రాత్రి షిఫ్టు చేసే ఎనిమిది మందినీ అడుగుతారా అని అడిగితే ఆ షరతు వదిలేశారు. బృందానికి చెప్పేటప్పుడు రోస్టర్ మారుతోంది, ఒక్కొక్కరికి ఇంత పెరుగుతుంది, ఇంత డబ్బు వస్తుంది అని మాత్రమే చెప్పాను. ఒకరు కారణం అడిగారు. నాకు చెప్పే హక్కు లేదన్నాను. సరే అన్నారు.

చిన్న సందేహం మిగిలింది. సోమవారం రోస్టర్ గోడకు అంటించాలి. ప్రతి పేరు పక్కన రిమార్క్స్ గడి ఉంది. ఆమె పేరు పక్కన ఏం రాయాలి?

ఇసుకతిన్నె
మా దగ్గర "స్థిర పగలు" అని రాస్తారు. నాకూ అదే, పసిపిల్లలున్న ఇద్దరికీ అదే, సాయంత్రం ఎంబీఏ చదువుకుంటున్న కుర్రాడికీ అదే. మా నలుగురిలో ఎవరికి ఎందుకో గోడ చూసినవారికి తెలియదు.

కుంకుడుచెట్టు
మా బృందంలో ఒకరికి ఏడాదిన్నర బాబు ఉన్నాడు, రాత్రులకు వస్తూనే ఉంది, ఎప్పుడూ అడగలేదు. సోమవారం లోపు ఆమెను కూడా అడిగి, లెక్క మళ్లీ వేస్తాను.